ఎదకు రాని ఆవుకు సూది కాదు, మేత కావాలి: మేసి బతికే జీవాలపై అపోహలు – వాస్తవాలు

"సార్, మా ఆవు ఎదకు రావట్లేదు, ఏదైనా సూది వెయ్యండి." పశువైద్యుడిగా నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది. గొర్రెల కాపరులు ఇదే బాధను ఇంకోలా చెబుతారు: "ఈసారి మందలో సగం గొర్రెలు ఈనలేదు." సందేహం ఎప్పుడూ గర్భసంచి మీదికో, పొట్టేలు మీదికో, దిష్టి మీదికో పోతుంది. మేత మీదికి పోయేది చివర్లోనే. బీళ్లలో, కోత పొలాల్లో మేసి బతికే జీవాలకు చూడి కట్టడం, కట్టకపోవడం చాలావరకు కడుపు నిండే లెక్క మీదే ఉంటుంది. అందుకే ఈ అపోహలను విడివిడిగా చెప్పాలనిపించింది.

అపోహ: ఎదకు రాని ఆవుకు గర్భసంచిలో లోపం ఉన్నట్టే.

లోపం ఉన్న ఆవులు లేకపోలేదు, కానీ తక్కువ. ఒంట్లో నిల్వలు కరిగిపోతున్నప్పుడు శరీరం ముందుగా కత్తిరించే ఖర్చు సంతానానిదే. అండాన్ని పండించి విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోను మెదడు కింది గ్రంథి నుంచి రావలసినంత తరచుగా రాదు. అండాశయంలో బుడగ పెరుగుతుంది, పగలదు. ఎద కనిపించదు. అలాంటి ఆవుకు హార్మోను సూది వేస్తే ఎద లక్షణాలు కనిపించవచ్చు. కానీ ఎముకలు తేలిన ఒంట్లో చూడి నిలవడం కష్టం.

ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు. ఏటా ఒక దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లోపే మళ్లీ చూడి కట్టాలి. పాలు ఎక్కువగా పిండే రోజులూ అవే. తిన్నదంతా పాలల్లోకి పోతుంటే ఒళ్లు నిలిచేదెక్కడ? కాబట్టి మేత పెంచాల్సింది ఈనాక కాదు, ఈనడానికి రెండు మూడు నెలల ముందు నుంచి.

గొర్రెకూ ఇదే లెక్క, కానీ దాని ఒంటిని కంటితో కొలవొద్దు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు కాబట్టి కొంత తెలుస్తుంది. దక్కనీ గొర్రెకైతే గొంగడి ఉన్ని కింద అన్నీ దాగిపోతాయి. చివరి పక్కటెముక దాటాక నడుము మీద అరచెయ్యి ఆనించి, వెన్నుపూసల కొసలను, పక్కలకు చాచి ఉండే ఎముకల అంచులను వేళ్లతో తడమండి. అంచులు పదునుగా తగిలి, వేళ్లు వాటి కిందికి సులువుగా దూరితే అయిదింట ఒకటో, ఒకటిన్నరో మార్కు. కొంచెం నొక్కితే గానీ ఎముక తగలకపోతే మూడు. పొట్టేలును వదిలేనాటికి గొర్రెలు రెండున్నరకు, మూడుకు మధ్య ఉండాలి. మందలో ఒక పాతిక గొర్రెలను ఇలా చూడటానికి పెద్ద సమయం పట్టదు. ఏ పరీక్షకూ ఇంత తక్కువ ఖర్చు ఉండదు.

అపోహ: పెయ్యకు మూడేళ్లు నిండితే ఎద దానంతటదే వస్తుంది.

ఎద వయసును బట్టి రాదు, బరువును బట్టి వస్తుంది. పూర్తిగా ఎదిగిన ఆవు బరువులో 55–60 శాతానికి చేరాకే పెయ్య ఎదకు వస్తుంది. పాలు మరిపించాక దాన్ని మంద వెనక వదిలేసి, నాలుగో ఏట "గొడ్డుది" అని సంతకు తోలేయడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అది గొడ్డుది కాదు, ఆకలితో పెరిగింది.

అపోహ: వానలు పడి పచ్చిక వచ్చింది, ఇక దాణా అక్కర్లేదు.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. తొలకరి పచ్చికలో 80 శాతం పైగా నీరే. 30 కిలోల గొర్రెకు రోజుకు కిలో దాకా ఎండు పదార్థం కావాలి. అంటే ఆ లేత గడ్డి అయిదు కిలోలు తినాలి. అంగుళం ఎత్తు గడ్డిని కొరికి కొరికి అంత పోగు చేసుకోవడం దానివల్ల కాదు. పైగా చేలల్లో విత్తనం పడ్డాక మందకు అక్కడ అడుగు పెట్టే వీలుండదు. గట్లు, బంజర్లు, గుట్టలే మిగులుతాయి. నడక పెరుగుతుంది, ఒళ్లు తగ్గుతుంది. పేగుల్లో విషం చేరి గొర్రెను చంపే చిటుక రోగం కూడా ఈ లేత మేత రోజుల్లోనే విరుచుకుపడుతుంది, అందుకే టీకా వానలకు ముందే పడాలి. మన మందల్లో పొట్టేళ్లు గొర్రెలను ఎక్కువగా దాటేదీ (జతకట్టేదీ) సరిగ్గా ఈ జూన్, జులై నెలల్లోనే.

అందుకని పొట్టేలును వదలడానికి రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి, వదిలాక ఇంకో రెండు వారాల దాకా ఒక్కో గొర్రెకు రోజూ 200–250 గ్రాముల దాణా పెట్టండి. జొన్నలు గానీ మొక్కజొన్నలు గానీ నలగ్గొట్టి కొంచెం వేరుశనగ చెక్క కలిపితే చాలు. మొదటి రోజే మొత్తం పోయొద్దు, పొట్టలో పులిసి ప్రాణం మీదికొస్తుంది. 50 గ్రాములతో మొదలుపెట్టి వారంలో పెంచండి. ఇప్పటికే బాగా కండపట్టిన గొర్రెలకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ గింజలు బక్కవాటికి పెట్టండి.

పచ్చగా ఉన్నదల్లా మేలు చేస్తుందనుకునేవారికి పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగింది చెప్పాలి. 1940ల నాటికి అక్కడ సబ్‌టెరేనియన్ క్లోవర్ అనే పప్పుజాతి పశుగ్రాసాన్ని విస్తారంగా వేశారు. గొర్రెలు కండపట్టి నిగనిగలాడాయి, కానీ ఏటికేడు ఈతలు పడిపోయాయి. బెనెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే శాస్త్రవేత్తలు 1946లో ఈ సంగతి ప్రకటించారు. ఆ మొక్కలో ఫార్మోనోనెటిన్ అనే పదార్థం ఉంటుంది. గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని ఈక్వాల్‌గా మారుస్తాయి. అది ఆడ హార్మోనులా పనిచేసి గర్భసంచి ముఖద్వారాన్నే పాడు చేస్తుంది. ఆ తర్వాత ఆ పదార్థం తక్కువగా ఉండే రకాలను తయారు చేసుకోవాల్సి వచ్చింది.

అపోహ: బాగా మేపితే మన గొర్రెలూ కవలలు వేస్తాయి.

అక్కడక్కడా వేస్తాయి, అంతే. నెల్లూరు, దక్కనీ జాతులు ప్రధానంగా ఒక్క పిల్లవే. మేత వల్ల మనకు దక్కే అసలు లాభం ఈనని గొర్రెలు తగ్గడం, ఈతలన్నీ దగ్గర దగ్గరగా రావడం. కవలలు జన్యువును బట్టి వస్తాయి. బెంగాల్ సుందరవనాల గరోల్ గొర్రెలో ఎఫ్‌ఈసీబీ అనే జన్యువు ఉంది. మహారాష్ట్ర ఫల్టన్‌లోని నారి (నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ) దాన్ని దక్కనీలోకి తెచ్చి 'నారి సువర్ణ'ను తయారు చేసింది. మంచి పని. కానీ కరువు బీట్లో రెండు పిల్లలకు పాలివ్వగల మేత మీ దగ్గర ఉందా అని ముందు చూసుకోండి. ఒక్క పిల్లకే చాలని పాలున్న చోట కవలలు వస్తే రెండూ దక్కవు.

అపోహ: పొట్టేలు ఏడాదంతా మందలో ఉంటేనే పిల్లలు ఎక్కువ.

ఏడాదంతా ఉంటే ఈతలు ఏప్రిల్, మే నెలల్లోనూ పడతాయి. తల్లికి మేత లేని కాలంలో పుట్టిన పిల్లల్లో ఎన్ని బతుకుతాయో కాపరులకు నేను చెప్పక్కర్లేదు. పొట్టేళ్లను ఒక నెల చూపుకు, వాసనకు అందనంత దూరంలో ఉంచి ఒక్కసారిగా మందలోకి వదిలితే, ఎదకు రాకుండా ఉన్న గొర్రెల్లో నిమిషాల్లోనే హార్మోను కదులుతుంది, రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. ఆ మొదటిసారి చాలావాటికి ఎద బయటికి కనిపించదు. గొర్రె ఎద చక్రం 17 రోజులు కాబట్టి మూడో వారం నుంచి అసలు దాటడం మొదలవుతుంది. 1944లోనే అండర్‌వుడ్ బృందం దీన్ని నమోదు చేసింది. మన జాతులు ఏడాది పొడవునా ఎదకు రాగలవు కాబట్టి ఇక్కడ ఈ ప్రభావం కొంత తక్కువే. బక్కచిక్కిన మందలో మరీ తక్కువ.

పొట్టేలు మేతను మాత్రం ఎవరూ పట్టించుకోరు. దాని వీర్యకణం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది. జూన్‌లో దాటాల్సిన పొట్టేలుకు దాణా ఏప్రిల్‌లో మొదలు కావాలి, మధ్యాహ్నం నీడా దొరకాలి. మే ఎండ తాకిడి వీర్యంలో కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది. 25–30 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. రెండేళ్లకోసారి మార్చండి, లేకపోతే తన కూతుళ్లనే దాటుతుంది.

అపోహ: చూడి గొర్రెకు చివర్లో బాగా పెడితే పిల్ల పెద్దదై ఈత కష్టమవుతుంది.

గొర్రె చూడి కాలం దాదాపు 150 రోజులు. పుట్టే పిల్ల బరువులో మూడింట రెండొంతులు చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. అదే సమయంలో గర్భసంచి పెరిగి పొట్టను నొక్కేస్తుంది, గొర్రె తినగలిగేది తగ్గుతుంది. అప్పుడు మేత కోస్తే పిల్ల కిలోన్నరతో పుడుతుంది. లేచి చన్ను అందుకునే ఓపిక దానికుండదు, తల్లి పొదుగులో పాలూ ఉండవు. కడుపులో కవలలుంటే తల్లి తన కొవ్వునే కరిగించుకుని, దాంతో రక్తం విషపూరితమై, మందకు దూరంగా నిలబడిపోయి, మేత మానేసి చనిపోతుంది. మేసి తిరిగే గొర్రెల్లో ఈత కష్టమయ్యేది ఎక్కువగా పిల్ల అడ్డం తిరగడం వల్ల, పావు కిలో దాణా వల్ల కాదు. జూన్, జులైలో దాటితే ఈ ఆరు వారాలు అక్టోబరు, నవంబరులో పడతాయి. అప్పటికి వేరుశనగ, మొక్కజొన్న కోత పొలాలు తెరుచుకుంటాయి. పాత కాపరుల లెక్క ఇందుకే సరిపోయింది.

అపోహ: మాయ పడేదాకా ముర్రుపాలు తాపకూడదు.

వెంటనే తాపండి. దూడకైనా గొర్రెపిల్లకైనా తల్లి కడుపులో రోగనిరోధక శక్తి అందదు. అంతా ముర్రుపాల నుంచే రావాలి. దాన్ని పీల్చుకునే శక్తి పేగుకు గంటగంటకూ తగ్గుతూ ఒక రోజులో పోతుంది. పిల్ల చన్ను చీకితే మాయ పడటానికీ సాయమవుతుంది. జున్ను దూడ కడుపు నిండాకే.

అపోహ: ఎద తర్వాత రక్తం కనిపిస్తే చూడి నిలవనట్టే.

ఆవుకు ఎద తగ్గిన ఒకటి రెండు రోజులకు, ఎదను తెచ్చిన ఈస్ట్రోజెన్ హార్మోను పడిపోయి కాస్త రక్తం రావడం మామూలే. చూడి నిలిచిందా లేదా అన్నదానికి అది గుర్తు కాదు. కృత్రిమ గర్భధారణ చేయించనట్లయితే ఒక పనికొస్తుంది: ఎద దాటిపోయిందని తెలుస్తుంది, మళ్లీ 18–20 రోజులకు కాచుకోండి.

అపోహ: ఖనిజ మిశ్రమం పాలిచ్చే ఆవులకే.

ఎముకలు నమిలే, మట్టి నాకే ఆవును చూసి నవ్వుకుంటారు. చాలాసార్లు అది భాస్వరం లోపం. ఎదా దానితోపాటే పోతుంది. ఆస్ట్రేలియాలోని డెన్మార్క్ ప్రాంతంలో గడ్డి ఉండగానే జీవాలు చిక్కి శల్యమయ్యేవి. అది కోబాల్టు లోపమని ఇదే అండర్‌వుడ్, ఫిల్మర్‌తో కలిసి 1935లో తేల్చాడు. గొర్రెలకూ ఖనిజాలు కావాలి, రోజుకు 5–10 గ్రాములు. కానీ రాగిని గొర్రె కాలేయం తట్టుకోలేదు. ఆవుల మిశ్రమంలోని రాగి నెలల తరబడి పేరుకుని, ఒక రోజు ఎర్రటి మూత్రంతో, పచ్చబడిన కళ్లతో గొర్రెలు పడిపోతాయి. ఆవుల పొట్లాన్నే మందకూ కలుపుతుంటే ఈరోజే ఆపి, గొర్రెల కోసం చేసినదే అడిగి తెచ్చుకోండి.