దెబ్బ తగిలితే దాచకండి, చెప్పి రాయించండి

పిల్లలూ,

సంక్రాంతికి అందరూ కార్లలోనే బయలుదేరుతున్నారని మీ అమ్మలు ఫోన్ చేసి చెప్పారు. పండగ ముందు హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఎంత కిటకిటలాడుతుందో మీకు తెలిసిందే. జాగ్రత్తగా రండి. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా అవతలి బండి వచ్చి గుద్దితే ఏం చెయ్యాలో మాత్రం పిల్లలకి ఎవరూ చెప్పరు. ప్రయాణం ముందు అలాంటి మాటలేంటి అంటారు. ఏళ్ల తరబడి గవర్నమెంటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా పనిచేసినదాన్ని, నాకు ఆ పట్టింపు లేదు.

కారు ఆగగానే ఇంజను ఆపమనండి, నాలుగు ఇండికేటర్లూ వెయ్యమనండి. దిగగలిగినవాళ్లు దిగి రోడ్డు అంచు దాటి అవతలికి వెళ్లిపోవాలి. కారు పక్కనే నిలబడి ఫోన్లు మాట్లాడుతుంటే వెనక నుంచి వచ్చే లారీ రెండోసారి గుద్దుతుంది, ముఖ్యంగా మంచు పట్టిన తెల్లవారుజామున. 112కి గానీ 108కి గానీ ఫోన్ చెయ్యండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. ఎక్కడున్నారని అడుగుతారు కాబట్టి దాటొచ్చిన టోల్‌గేటు పేరో, కిలోమీటరు రాయి మీద అంకో చూసి చెప్పండి.

108 మన హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు దెబ్బలు తగిలినవాళ్లని ఎక్కువగా ఆటోల్లో, ట్రాక్టర్లలో వేసుకొచ్చేవాళ్లు. కాళ్లు ఒకరు, చేతులు ఒకరు పట్టుకుని మోసుకొచ్చేవాళ్లు. మెడ ఎముక విరిగిన మనిషిని అలా ఎత్తితే లోపలి వెన్నుపాము నలిగిపోతుంది. రోడ్డు మీద కాళ్లు కదిలించిన మనిషికి ఆసుపత్రికి వచ్చేసరికి కాళ్లలో స్పర్శే ఉండకపోవచ్చు. అందుకే మెడ నొప్పి అన్నవాళ్లని, స్పృహ లేనివాళ్లని అంబులెన్స్ వచ్చేదాకా కదపొద్దు. కారుకి నిప్పంటుకునేలా ఉంటేనో, ఊపిరి ఆడకపోతేనో తప్ప లాగొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడొద్దు. గుచ్చుకున్న ఇనుప ముక్కనీ, పెద్ద గాజు పెంకునీ పీకొద్దు. చుట్టూ చేరినవాళ్లు ముందు నీళ్ల సీసా అందిస్తారు, వాళ్లది మంచి మనసే. కానీ మగతగా ఉన్నవాళ్లకి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ప్రమాదం జరిగిన కొత్తలో నొప్పి తెలియదు. భయానికి ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ దాన్ని కప్పేస్తుంది. అందుకే మీ ఈడువాళ్లు అందరికంటే ముందు "నాకేం కాలేదు" అనేస్తారు. పెద్దవాళ్ల టెన్షన్ చూసి ఇంకా దాస్తారు. తన కాళ్ల మీద నడిచొచ్చి, అక్క చేతికి కట్టు కట్టించి, బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయిన కుర్రాణ్ణి చూశాను. పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం చిట్లి, లోపల రక్తం పోతోంది. పైకి కనిపించింది బెల్టు ఒరుసుకున్న ఎర్రటి చార ఒక్కటే. వెంటనే ఆపరేషన్ చేశారు, బతికాడు.

కాబట్టి పొట్ట మీద, ఛాతీ మీద బెల్టు చార ఉంటే డాక్టరుకి చూపించండి. పొట్ట గట్టిపడినా, ఎడమ భుజం కారణం లేకుండా లాగుతున్నా, ముఖం పాలిపోయి చెమటలు పడుతున్నా ఆగొద్దు. తలకి దెబ్బ తగిలి కాసేపు బాగానే ఉన్నట్టుండి, తర్వాత వాంతులు మొదలైతే, తలనొప్పి పెరుగుతుంటే, మాట తడబడితే, నిద్ర ముంచుకొస్తుంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మెడ పట్టేయడం, నడుం నొప్పి మర్నాడు బయటపడటం మామూలే. అప్పుడు మళ్లీ వెళ్లి చూపించి, ఆసుపత్రి చీటీలోనే రాయించండి.

రాయించండి అని ఎందుకు అంటున్నానంటే, ఆసుపత్రిలో ప్రమాదం కేసుని ఎమ్మెల్సీగా, అంటే పోలీసులకి తెలియజెయ్యాల్సిన మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు. ఎక్కడెక్కడ ఎంత గాయం, ఎప్పుడు, ఎలా తగిలింది అన్నీ అందులో ఉంటాయి, పోలీసులకి కబురు వెళ్తుంది. చాలా కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటాయి. పోలీసు గొడవ ఎందుకులే అని "బాత్రూంలో జారిపడ్డాడు" అనో, "బండి మీంచి తనే పడ్డాడు" అనో చెప్పేస్తారు. గుద్దినవాడు పక్కనే నిలబడి అలా చెప్పమని బతిమాలిన రోజులూ ఉన్నాయి. డ్యూటీ డాక్టరు విన్నదే రాస్తాడు. తర్వాత పరిహారం కోసం వెళ్తే ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మొదట తీసేది ఆ కాగితమే. మీ వెంట వచ్చిన పెద్దవాళ్లు భయపడి అబద్ధం చెప్పబోతే మీరు నోరు తెరవండి. పెద్దల మాటకి అడ్డు రాకూడదని నేనే మీకు నేర్పాను, అయినా ఇక్కడ మాత్రం అడ్డు రండి.

డబ్బు కడితేగానీ, పోలీసులు వస్తేగానీ చెయ్యి వెయ్యం అని ఏ ఆసుపత్రీ అనకూడదు. ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చేసింది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకి గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం దొరకాలి. ఆసుపత్రిలో ఈ క్యాష్‌లెస్ వైద్యం పథకం గురించి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్తారని కూర్చోవద్దు.

ఇంకొకరికి ప్రమాదం జరిగితే చూసి వెళ్లిపోవద్దు. సాయం చేసినవాళ్లని పేరు చెప్పమనీ, సాక్ష్యానికి రమ్మనీ బలవంతం చెయ్యకూడదని మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఏ సెక్షన్ చేర్చారు.

ఒంటికి ప్రమాదం లేదని తెలిశాక రెండు బండ్ల నంబరు ప్లేట్లు, రోడ్డు, టైర్ల గీతలు, గాయాలు అన్నీ ఫోటోలు తియ్యండి. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు అడగండి. అక్కడికక్కడే రాజీ చేసుకోమని నలుగురు చేరతారు. ఐదు వేలో పది వేలో చేతిలో పెట్టి కాగితం మీద సంతకం పెట్టమంటారు. స్కానింగ్ అయ్యేదాకా దెబ్బ ఎంతో మీకే తెలియదు, దానికి వెల కట్టడం వాళ్లకెలా తెలుస్తుంది? సంతకం పెట్టొద్దు. ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

పరిహారం కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వెయ్యాలి. ప్రమాదం నల్గొండ జిల్లాలో జరిగినా, మీరుండే ఊరి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. ఆరు నెలల గడువుంది, దాన్ని చివరిదాకా లాగొద్దు. మందుల బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, ఆసుపత్రికి తిరిగిన ఆటో ఖర్చు, కాలేజీకి పోని రోజులు అన్నీ ఒక ఫైల్లో పెట్టమని మీ అమ్మకి చెప్పండి. సంపాదన లేని పిల్లలకి ఏం వస్తుందిలే అనుకోవద్దు. హర్యానాలో ట్రాక్టరు మీద వెళ్తున్న పన్నెండేళ్ల పాపని లారీ గుద్దితే మంచానికే పరిమితమైపోయింది. కనిపెట్టుకుని ఉండే మనుషుల జీతాలు కూడా లెక్కగట్టి, హైకోర్టు ఇచ్చింది చాలదని 2020లో సుప్రీంకోర్టు పరిహారాన్ని అరవై రెండు లక్షలు దాటించింది. ఆ కేసు గుర్తొస్తే ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా దారి మూసుకుపోదు. తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. తప్పు మన కారుదే అయితే లోపల కూర్చున్నవాళ్లకి ఇన్సూరెన్స్ వస్తుందా లేదా అన్నది పాలసీని బట్టి ఉంటుంది. సొంత కారుకి ఉత్త థర్డ్ పార్టీ పాలసీ, అంటే అవతలివాళ్ల నష్టానికి మాత్రమే డబ్బిచ్చే పాలసీ ఉంటే కారులోవాళ్లకి అది వర్తించదు. బయలుదేరే ముందు మీ నాన్నని పాలసీ కాగితం ఒకసారి తీసి చూడమనండి.

ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి, కేసు మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో సగం మాకివ్వండి అనే మధ్యవర్తులుంటారు. వాళ్లకి వకాల్తా మీద, అంటే మన తరఫున కేసు నడిపే అధికారం ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వొద్దు. ఆడవాళ్లకీ, పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చెప్తారు.

కట్లు విప్పేశాక కూడా కొందరికి కారెక్కాలంటే చేతులు వణుకుతాయి, బ్రేకు చప్పుడు వింటే గుండె దడదడలాడుతుంది, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ఇదీ గాయమే. ఇదీ డాక్టరుకి చెప్పాలి, చీటీలో రాయించాలి. కొద్ది వారాలైనా తగ్గకపోతే మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చెయ్యబుద్ధి కాకపోతే నా దగ్గరికి వచ్చి ఉండండి, నేను తీసుకెళ్తాను.

బయలుదేరే ముందు ఒక ఫోన్ కొట్టండి.

మీ అమ్మమ్మ