ఓడల వెండి సామాను: అపోహలు, వాస్తవాలు

నల్లగొండకు సముద్రం లేకపోయినా పాత స్టీమర్ల చెంచాలు, ఫోర్కులు, టీ పాట్లు వస్తూనే ఉంటాయి. కొన్ని హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ మీదుగా, కొన్ని పాత సామాను కొనేవాళ్ల బస్తాల్లో. వెండి ధర పెరిగాక జనం వీటిని కరిగించడానికి కంసాలి దగ్గరికి పట్టుకెళ్తున్నారు. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: కరిగిస్తే వెండి వస్తుంది.

కాడ వెనక ఈపీఎన్‌ఎస్ అని ఉంటే ‘కరెంటుతో పూత వేసిన నికెల్ సిల్వర్’ అని అర్థం. ఆ నికెల్ సిల్వర్‌నే జర్మన్ సిల్వర్ అంటారు. అంటే రాగి, నికెల్, జింకు. వెండి పైపూత మాత్రమే. 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు కరెంటుతో పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. రోజూ వందలమందికి వడ్డించే ఓడ కంపెనీలకు అది బాగా కలిసొచ్చింది. కరిగిస్తే చేతికొచ్చేది దాదాపు సున్నా. చెంచాగా ఉంచితేనే దానికి విలువ.

అపోహ: అయస్కాంతానికి అంటుకోకపోతే అసలు వెండే.

రాగి అంటుకోదు, ఇత్తడి అంటుకోదు, జర్మన్ సిల్వరూ అంటుకోదు. చెంచాను బోర్లించి, బల్లకు ఆనే చోటు చూడండి. అక్కడ పూత అరిగి కాస్త పసుపు కలిసిన బూడిద రంగు బయటపడితే తేలిపోతుంది.

అపోహ: సామాను మీది జెండా గుర్తులో నక్షత్రం ఉంది కాబట్టి టైటానిక్‌దే.

ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. తోక చీలిన ఆ జెండా వైట్ స్టార్ లైన్ కంపెనీది. ఆ కంపెనీకి చాలా ఓడలున్నాయి, 1934లో మరో ఓడల కంపెనీ క్యూనార్డ్‌తో కలిసేదాకా నడిపింది. సామాను మీద సాధారణంగా కంపెనీ గుర్తే ఉంటుంది, ఓడ పేరు ఉండదు. టైటానిక్ సామానులో చాలా భాగం 1912లోనే అట్లాంటిక్ అడుక్కు పోయింది. భూతద్దం పెట్టి చూడండి: వాడకంతో పడిన గీతలు గుర్తు మీదుగా సాగాలి. గుర్తే ఆ గీతలను కోస్తూ పోతే, అది తర్వాత చెక్కించింది. ‘దొరగారి గడిలోంచి వచ్చింది’ అన్న కథకు కూడా పైసా ఎక్కువ ఇవ్వకండి.

నన్నడిగితే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ (బీఐ) కంపెనీ సామానే మనకు దగ్గరిది. కాకినాడ, విశాఖల నుంచి రంగూన్‌కు తెలుగు కూలీలను ఎక్కువగా మోసింది ఆ కంపెనీ ఓడలే. వాళ్లు డెక్ మీద పడుకుని వెళ్లారు, ఈ చెంచాలు మాత్రం పై తరగతి భోజనాల గదిలో ఉండేవి. టైటానిక్ పేరుకి పెట్టే డబ్బు ఒక మంచి బీఐ ముక్కకు పెట్టండి.

అపోహ: తళతళలాడితేనే ధర.

చింతపండు, ఇటుక పొడి వేసి తోమితే మురికితో పాటు పూతా పోతుంది. మళ్లీ పూత వేయించడం ఇంకా నష్టం. ముందు పాలిష్ పట్టేటప్పుడే గుర్తు అంచులు అరిగిపోతాయి. మెత్తటి సబ్బునీళ్లు, నూలు గుడ్డ చాలు. కత్తుల్ని మాత్రం వేడినీళ్లలో నానబెట్టకండి, పిడి ఊడొస్తుంది. రబ్బరు బ్యాండు చుట్టి దాచకండి, అందులోని గంధకం వల్ల నల్లటి చార పడుతుంది.