కాన్పయ్యాక షుగర్ టెస్ట్: తల్లి ఎక్కడ తప్పిపోతోంది?

మార్చి 10, అంటే మన దేశంలో గర్భిణుల షుగర్ అవగాహన రోజు దగ్గర పడితే ఈ గొడవ మళ్లీ పైకొస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లు కాన్పయ్యాక టెస్టుకి ఎందుకు రావడం లేదు? ఆసుపత్రుల వైపు నుంచి వినిపించేది ఒకటే మాట, రాసిస్తాం, వాళ్లే రారు అని. గెస్టేషనల్ డయాబెటిస్, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఈ షుగర్, గురించి అందరూ చాలాసార్లు చదివిందే కాబట్టి అది వదిలేసి, అసలు మలుపు ఎక్కడుందని నాకనిపిస్తోందో అక్కడికే వెళ్తాను.

1964లో బోస్టన్‌లో ఓసలివన్, మహాన్ అనే ఇద్దరు పరిశోధకులు గర్భిణులకి గ్లూకోజ్ తాగించి, ఎంత దాటితే ప్రమాదమో హద్దులు పెట్టారు. ప్రమాదం ఎవరికి అంటే, తల్లికి. ఆమెకి మున్ముందు షుగర్ జబ్బు వస్తుందా రాదా అని ముందే పసిగట్టడానికే ఆ అంకెలు. అంటే ఈ టెస్టు పుట్టిందే తల్లి కోసం.

2008లో హాపో అనే పెద్ద అధ్యయనం వచ్చింది. తొమ్మిది దేశాల్లో దాదాపు 25 వేల మంది గర్భిణుల్ని చూశారు. తల్లి షుగర్ కొంచెం కొంచెంగా పెరిగినా బిడ్డ బరువు, సిజేరియన్ల సంఖ్య పెరుగుతున్నాయని తేలింది. 2010లో దాన్ని బట్టే కొత్త హద్దులు గీశారు, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని తీసుకుంది. పిల్లలకి దానివల్ల మేలే జరిగింది, కాదనను. కానీ చర్చంతా బిడ్డ మీదకి వెళ్లిపోయింది, బిడ్డ క్షేమంగా బయటికొస్తే పని అయిపోయినట్టే అన్న ధోరణి అక్కడ్నుంచే బలపడిందని నా అభిప్రాయం. హాపో వచ్చిన మరుసటి ఏడాదే, 2009లో, కడుపుతో షుగర్ వచ్చిన తల్లులకి మున్ముందు టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు మిగతా తల్లులకన్నా ఏడు రెట్లని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2020లో 13 లక్షల మంది వివరాలు కలిపి చూస్తే అది దాదాపు పది రెట్లు.

మన దగ్గర కథ చెన్నై నుంచి మొదలైంది. డాక్టర్ వి. శేషయ్య బృందం గర్భిణులకి టెస్టుని చాలా తేలిక చేసింది: తిన్నారా లేదా అని చూడకుండా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించడం, రెండు గంటలకి చూడటం, 140 వచ్చినా దాటినా షుగర్ ఉన్నట్టే. 2007లో తమిళనాడు అందరు గర్భిణులకీ ఈ పరీక్ష పెట్టింది, 2014లో కేంద్రం మార్గదర్శకాలిచ్చి 2018లో సవరించింది. పరగడుపున రమ్మంటే దూరం ఊళ్ల నుంచి రాలేరని ఆలోచించి చేసిన పని అది. కాన్పయ్యాక మాత్రం ఆ వెసులుబాటు పోయింది. ఆరు వారాలకి పరగడుపున ఒకసారి, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి ఇంకోసారి రక్తం ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా చూపించుకోవాలి.

ఆ ఆరో వారంలో బాలింత ఎక్కడుంటుందో చూడండి. మా పిన్ని కూతురి పేరు అత్తగారి ఊరి పీహెచ్‌సీలో ఉంది, పురిటికి వచ్చింది పుట్టింటికి. డిశ్చార్జ్ కాగితంలో మందులన్నీ అయ్యాక అట్టడుగున ఇంగ్లిష్‌లో ఒక్క లైను, ఆరు వారాలకి ఓజీటీటీ అని, అంటే పైన చెప్పిన గ్లూకోజ్ తాగించే టెస్టే. అదేంటో ఎవరూ నోటితో చెప్పలేదు. సరిగ్గా ఆరో వారంలోనే బిడ్డకి టీకాలు వేయించడానికి సబ్‌సెంటర్‌కి వెళ్లింది కూడా. బిడ్డని తూచారు, సూది వేశారు, కార్డులో రాశారు. తల్లి షుగర్ సంగతి ఎవరూ అడగలేదు. తర్వాత నేనే ఆ కాగితం చూసి అడిగితే మా పిన్ని, ‘పచ్చి బాలింతని ఏమీ పెట్టకుండా మూడు గంటలు ఎక్కడ కూర్చోబెట్టమంటావు’ అంది. ఆవిడ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంకో గొయ్యి కూడా ఉంది. ఊళ్లలో ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూసే ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) సర్వే ప్రధానంగా 30 ఏళ్లు దాటినవాళ్లకి. మన ఆడపిల్లల్లో చాలామందికి మొదటి కాన్పు పాతికలోపే అయిపోతుంది. గర్భిణుల లిస్టులోంచి బయటపడ్డాక 30 వచ్చేదాకా ఆమె పేరు ఏ లిస్టులోనూ లేనట్టే.

అంత కష్టమైతే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేస్తే పోదా అని ఇప్పుడు కొందరంటున్నారు. కాన్పులో రక్తం పోయి, రక్తహీనత ఉన్నవాళ్లలో అది తప్పుదారి పట్టిస్తుంది. పరగడుపు టెస్టు ఒక్కటే చేస్తే, తిన్నాక మాత్రమే పెరిగేవాళ్లు దొరకరు. అయినా అసలేమీ చేయకపోవడం కన్నా ఏదో ఒకటి నయమనే వాదనలో బలముంది. బ్రిటన్‌లో పరగడుపు టెస్టుతోనే మొదలుపెడతారు. ముందే దొరికితే చేయగలిగింది కూడా ఉంది: అమెరికాలో జరిగిన ఒక ట్రయల్‌లో ఇలాంటి తల్లులు తిండి, నడక మార్చుకుంటే షుగర్ జబ్బుగా ముదరడం దాదాపు సగానికి తగ్గింది, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రతోనూ అంతే.

మా పిన్ని కూతురు రెండో కాన్పుకి మూడో నెలలో చూపించుకుంటే పరగడుపునే 168 ఉంది. బిడ్డ గుండె, వెన్నుపాము తయారయ్యేది మొదటి ఎనిమిది వారాల్లో, అవి అప్పటికే దాటిపోయాయి. ఎప్పట్నుంచి ఉందమ్మా అని డాక్టరమ్మ అడిగింది. చూపించడానికి దాని దగ్గర ఆ పాత డిశ్చార్జ్ కాగితం ఒక్కటే ఉంది.