నన్ను వదిలి వాడి మీదకి వెళ్తే నీకే నష్టం: డిఫెండర్ రూల్స్ వెనక యాభై ఏళ్ల కథ

ముందు ప్లేట్ ఆర్మర్ వేసుకుని, డాలు పట్టుకుని ఫైటర్ నిలబడ్డాడు. నాలుగు గడుల వెనక విజార్డ్, అంటే మంత్రగాడు, ఉన్నాడు, ఒంటి మీద అంగీ తప్ప రక్షణేమీ లేదు. ఎదురుగా ఓగర్ అనే రాక్షసుడు. ఆ ఓగర్‌ని ఆడిస్తున్న గేమ్ మాస్టర్‌కి, అంటే ఆట నడిపే మనిషికి, ఎవరి హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఎన్నో, ఎవరి దగ్గర ఫైర్‌బాల్ ఉందో అన్నీ తెలుసు. మరి ఓగర్ ఆ ఇనుప గోడని ఎందుకు కొట్టాలి? పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్లి విజార్డ్‌ని ఒక్కటిస్తే పని అయిపోతుంది కదా.

టేబుల్ చుట్టూ కూర్చుని తలో పాత్ర తీసుకుని డైస్ వేస్తూ ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్‌లో డిఫెండర్ పాత్ర, అంటే తోటివాళ్లకి అడ్డం నిలబడే పాత్ర, తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. వీడియో గేమ్‌లో అయితే శత్రువు ఎవరి మీదకి వెళ్లాలో కంప్యూటర్ ఒక అంకె చూసి తేలుస్తుంది. టేబుల్ దగ్గర శత్రువు వెనక ఉన్నది ఆలోచించే మనిషి. ఆ మనిషి చేతులు కట్టేయకుండా అతని గురిని తన వైపు తిప్పుకోవడం ఎలా అన్నదాని మీదే రూల్స్ రాసేవాళ్లు ఇన్నేళ్లుగా కుస్తీ పడుతున్నారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) తెచ్చినప్పుడు ఇదో పెద్ద సమస్య కాదు. అది 1971 నాటి చైన్‌మెయిల్ అనే బొమ్మల యుద్ధ ఆట నుంచి పుట్టింది కాబట్టి, సైన్యం వరస కట్టినట్టే ఆటగాళ్లూ వరస కట్టేవాళ్లు. ఆట ఎక్కువగా భూగర్భంలో, ఇరుకు నడవాల్లో. పదడుగుల వెడల్పు నడవాకి అడ్డంగా ముందు వరస నిలబడితే వెనక వాళ్ల దగ్గరికి దారే ఉండదు. ఒకరకంగా అప్పట్లో డిఫెండర్ పని గోడలే చేసి పెట్టేవి. విచిత్రం ఏంటంటే, ఆ మొదటి పుస్తకాల ప్రకారం ఒకటో లెవెల్ ఫైటింగ్ మ్యాన్‌కి హిట్ పాయింట్ల కోసం ఒక ఆరు ముఖాల డైస్, పైన 1. మ్యాజిక్ యూజర్‌కి వట్టి డైస్. అంటే ఇద్దరి ప్రాణానికీ తేడా ఒకే ఒక్క పాయింట్! మిగతా తేడా అంతా కవచంలోనూ నిలబడే చోటులోనూ ఉండేది.

తర్వాత వచ్చిన అడ్వాన్స్‌డ్ డి అండ్ డి ఇంకో దారి పట్టింది. అందులో ఒక రౌండ్, అంటే అందరి వంతూ ఒకసారి వచ్చే సమయం, ఒక నిమిషం. నిమిషం పాటు కలిసిపోయి కొట్టుకునే గుంపులో ఫలానా వాడినే ఏరి కొడతానంటే కుదరదని చెప్పి, ఎవరి దెబ్బ ఎవరికి తగులుతుందో డైస్ వేసి తేల్చమంది 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్. పోరులోంచి వీపు తిప్పి పారిపోతే ఎదుటివాడికి ఉచితంగా ఒక దెబ్బ దొరుకుతుంది. ఇది నాకు ఇప్పటికీ నచ్చే పరిష్కారం, ఎందుకంటే గేమ్ మాస్టర్‌కి తెలిసినవన్నీ ఓగర్‌కి తెలిసిపోవడం అన్న సమస్యే అక్కడ రాదు. కానీ చాలా టేబుళ్ల దగ్గర ఎవరూ ఆ డైస్ వేసేవాళ్లు కాదు. కొట్టేవాడికి ఎవర్ని కొట్టాలో ఎంచుకోవాలనే ఉంటుంది, అది సహజమే.

2000లో వచ్చిన డి అండ్ డి మూడో ఎడిషన్‌తో కథ మారింది. పోరంతా ఐదడుగుల గడుల మీదకి వచ్చింది, రౌండ్ ఆరు సెకన్లకి దిగింది, లెక్కంతా పక్కాగా తయారైంది. శత్రువు నీకు అందేంత దగ్గర్లోంచి నడిచి వెళ్తుంటే అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ, అంటే నీ వంతు కాకపోయినా ఒక దెబ్బ. వినడానికి డిఫెండర్ కోసమే పెట్టినట్టుంటుంది. ఆచరణలో ప్రత్యేకమైన ఫీట్ (పాత్ర ఎంచుకునే అదనపు నైపుణ్యం) లేకపోతే అది రౌండ్‌కి ఒక్కటే. శత్రువు ఐదడుగుల స్టెప్ వేసి తప్పించుకోవచ్చు, టంబుల్ స్కిల్ ఉంటే దొర్లుకుంటూ పోవచ్చు, లేదా ఆ ఒక్క దెబ్బా తినేసి ముందుకెళ్లొచ్చు. పెద్ద రాక్షసుడికి కత్తి దెబ్బ ఒకటి ఎంత? నడవాల్లోంచి బయటికొచ్చి బయలు ప్రదేశాల్లో ఆడేసరికి గోడల సాయం కూడా పోయింది. ఫైటర్‌తో నిజంగా దారి అడ్డగించాలంటే స్పైక్‌డ్ చైన్ లాంటి పొడవాటి ఆయుధం పట్టుకుని, వచ్చినవాడినల్లా కింద పడేసే ఫీట్లన్నీ ఏరుకోవాల్సి వచ్చేది. అలా కట్టిన పాత్ర బాగానే పనిచేసేది, కానీ డాలు పట్టుకుని స్నేహితుడి ముందు నిలబడదామనుకున్న ఆటగాడికి అది కావలసింది కాదు.

ఇదే కాలంలో కంప్యూటర్ల వైపు ఇంకో సంప్రదాయం పెరుగుతోంది. డికు మడ్ లాంటి అక్షరాల ఆటల్లో యోధుడికి రెస్క్యూ అనే కమాండ్ ఉండేది. అది కొడితే దోస్తు మీద పడే దెబ్బలు తన మీదకి మళ్లేవి. 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాక ట్యాంక్ (దెబ్బలు తన మీదకి తీసుకునేవాడు), టాంట్ (రెచ్చగొట్టడం), ఆగ్రో (శత్రువు గురి ఎవరి మీదుందన్నది) అన్న మాటలు అందరి నోళ్లలోనూ నానాయి. అక్కడ టాంట్ బటన్ నొక్కితే రాక్షసుడు తిరుగుతాడు, అంతే.

సహజంగానే కొందరు దాన్ని టేబుల్ మీదకి తెద్దామనుకున్నారు. 2006లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2లోని నైట్ క్లాస్ (పాత్ర రకం) సవాలు విసిరితే, విల్ సేవ్, అంటే మనోబలం కోసం వేసే డైస్, తప్పిన శత్రువులు అతని మీదకే రావాలి. 2011లో పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటలో యాంటగనైజ్ అనే ఫీట్ వచ్చింది. మాటలతో రెచ్చగొట్టడంలో గెలిస్తే ఎదుటివాడు ఒళ్లు తెలియని కోపంతో వచ్చి చేతికందే దూరంలో కొట్టాలి. కర్ర తప్ప ఏమీ పట్టని ముసలి మంత్రగాడు కూడా మంత్రాలన్నీ మానేసి ప్లేట్ ఆర్మర్ వాడి మీదకి పరిగెత్తుకుంటూ రావాలన్నమాట. దాని మీద ఎంత గొడవ జరిగిందో అప్పట్లో ఆడినవాళ్లకి గుర్తుంటుంది. గొడవ న్యాయమైనదే. అదే ఫీట్ రేపు శత్రువు నీ పాత్ర మీద వాడితే నీకెలా ఉంటుంది? పాత్ర ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు పోతే ఈ ఆటలో ఇక మిగిలేదేముంది?

మంచి జవాబు మాత్రం 2006లోనే టోమ్ ఆఫ్ బ్యాటిల్ అనే పుస్తకంలో మొలకెత్తింది. అందులో క్రూసేడర్ అనే క్లాస్‌కి ఐరన్ గార్డ్స్ గ్లేర్ అనే స్టాన్స్ (పోరులో నిలబడే తీరు) ఉంటుంది. అతనికి అందే దూరంలో ఉన్న శత్రువు అతని తోటివాళ్లని కొట్టాలంటే డైస్ మీద 4 తగ్గుతుంది, అతన్నే కొడితే ఏమీ తగ్గదు. బలవంతం లేదు. ఎవర్ని కొట్టాలో శత్రువు ఇష్టం, కాకపోతే ఆ ఇష్టానికి ఒక ఖరీదు ఉంది.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఈ ఆలోచనని తీసుకుని ఏకంగా ఒక రోల్‌గా నిలబెట్టింది. స్ట్రైకర్, లీడర్, కంట్రోలర్, వాళ్ల పక్కన డిఫెండర్. డిఫెండర్ శత్రువుని మార్క్ చేస్తాడు. మార్క్ పడ్డవాడు ఆ డిఫెండర్‌ని కలపకుండా ఇంకెవరి మీద దాడి చేసినా డైస్ మీద 2 తగ్గుతుంది. ఇది అందరికీ ఉమ్మడి, ఆ పైన వేసే శిక్ష ఎవరిది వాళ్లదే. పక్కనే ఉన్న మార్క్ పడ్డవాడు ఇంకొకరిని కొట్టబోయినా, మెల్లగా ఒక గడి జరగబోయినా ఫైటర్ మధ్యలో దూరి ఒకటి తగిలిస్తాడు. దాటి వెళ్లబోయేవాడికి ఫైటర్ ఆపర్చునిటీ అటాక్ (పాత అటాక్ ఆఫ్ ఆపర్చునిటీకి కొత్త పేరు) తగిలితే వాడు అక్కడికక్కడే ఆగిపోవాలి. పైగా ఈ ఎడిషన్‌లో ఆ దెబ్బ రౌండ్‌కి ఒకటి కాదు, ప్రతి శత్రువు వంతులోనూ ఒకటి. ముగ్గురు దాటబోతే ముగ్గురికీ పడొచ్చు. పాలడిన్ అనే దైవ యోధుడు సవాలు విసిరి వేసే మార్క్‌ని ధిక్కరిస్తే మొదటి లెవెల్స్‌లో 3 పాయింట్లు, దానికి అతని కరిష్మా మాడిఫయర్ (ఆకర్షణ శక్తికి వచ్చే అంకె) కలిపి దైవిక వెలుగు కాలుస్తుంది. సవాలు విసిరి దూరంగా పారిపోయే తెలివి ఎవరైనా చూపిస్తారని ముందే ఊహించి, ఆ శత్రువుని కొట్టకుండా, వాడి పక్కనా ఉండకుండా వంతు ముగిస్తే సవాలు పోతుందని కూడా రాశారు. ఆ ఒక్క వాక్యం చూస్తే రాసినవాళ్లు ఎంత ఆడి చూసి రాశారో తెలుస్తుంది.

ఓగర్‌కి ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫైటర్‌ని కొడితే దెబ్బ ఆర్మర్‌కి తగిలి జారిపోతుంది, విజార్డ్‌ని కొట్టబోతే ముందు తనే తింటాడు. ఏది ఎంచుకున్నా డిఫెండర్ తన పని చేసినట్టే. ఈ ఎడిషన్‌ని ఆన్‌లైన్ వీడియో గేమ్‌కి కాపీ అని తిట్టినవాళ్లు ఈ తేడాని పట్టించుకోలేదని నా బాధ. టాంట్‌కి, మార్క్‌కి మధ్య ఉన్నది చిన్న తేడా కాదు. టాంట్ శత్రువు బుర్రని తీసేస్తుంది, మార్క్‌కి శత్రువు బుర్రతోనే పని. గేమ్ మాస్టర్ ఎంత బాగా ఆలోచిస్తే అది అంత బాగా పనిచేస్తుంది. అయితే ఒక విమర్శలో మాత్రం నిజం ఉంది. దెబ్బ తప్పినా మార్క్ పడుతుంది కదా, మరి కథలో అది నిజంగా ఏంటి? కంటి చూపా, తిట్టా, కత్తి మొనతో బెదిరింపా? ఆ వివరం టేబుల్ దగ్గర మనమే చెప్పుకోవాలి. చెప్పుకోని చోట అది బొమ్మ పక్కన పెట్టే రంగు బిళ్లగా మిగిలిపోయింది.

2014 నాటి ఐదో ఎడిషన్ ఆ రోల్స్ పేర్లనే తీసేసింది, మార్క్‌ని డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఇష్టమైతే వాడుకునే రూల్‌గా ఒక మూలకి నెట్టింది. అసలు దెబ్బ వేరేచోట పడింది. ఆపర్చునిటీ అటాక్ రియాక్షన్‌లోకి, అంటే నీ వంతు కానప్పుడు స్పందించి చేసే పనిలోకి, వెళ్లింది, రియాక్షన్ రౌండ్‌కి ఒక్కటే. ముందు ఒక గోబ్లిన్ దాటి ఆ దెబ్బ తినేస్తే, వెనకొచ్చే నలుగురికీ దారి తెరిచినట్టే. సెంటినెల్ ఫీట్ ఉంటే తగిలిన ఆపర్చునిటీ అటాక్‌తో శత్రువు వేగం సున్నా అవుతుంది, పక్కనున్నవాడు తోటివాళ్లని కొడితే తిరిగి ఒకటి వేయొచ్చు, కానీ అదీ ఆ ఒక్క రియాక్షన్‌తోనే. 2017లో జనాథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లో వచ్చిన కావలియర్ అనే ఫైటర్ రకం మార్క్‌ని మళ్లీ తెచ్చింది. అతని దెబ్బ తిన్నవాడు ఐదడుగుల్లోపు ఉన్నంతసేపు వేరేవాళ్ల మీద డిసడ్వాంటేజ్‌తో డైస్ వేయాలి, అంటే రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి.

బయట ఆటలు తమ దారి తాము వెతుక్కున్నాయి. 2013 నాటి 13త్ ఏజ్‌లో గడులే లేవు, ఎవరితోనూ తలపడకుండా ఖాళీగా ఉన్నవాడు తన పక్కనుంచి దూసుకెళ్లే శత్రువుకి అడ్డం పడొచ్చు. అంతకన్నా ముందే డంజన్ వరల్డ్‌లో డిఫెండ్ అనే మూవ్ ఉంది, డైస్ బాగా పడితే దెబ్బని తన మీదకి తిప్పుకోవచ్చు, లేదా సగం చేయొచ్చు. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ఛాంపియన్ పదిహేనడుగుల్లో ఉన్న తోటివాడికి పడే దెబ్బలో 2, దానికి తన లెవెల్ కలిపి అంత తగ్గిస్తాడు, ఛాంపియన్లలో పాలడిన్ రకం వాడైతే శత్రువు అందితే తిరిగి కొడతాడు కూడా.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే మార్పు చూడటానికి చాలా చిన్నది. ఐదో ఎడిషన్‌లో ఒకటో లెవెల్ ఫైటర్ ప్రొటెక్షన్ స్టైల్ తీసుకుంటే, డాలు అడ్డం పెట్టి పక్కనున్నవాడి మీదకొచ్చే ఒకే ఒక్క దాడికి డిసడ్వాంటేజ్ ఇవ్వగలిగేవాడు. మూడుసార్లు కొట్టే రాక్షసుడి ముందు అది దేనికీ చాలేది కాదు. 2024 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అదే ప్రొటెక్షన్, ఫైటర్ ఆ మనిషి పక్కన ఐదడుగుల్లో ఉన్నంతసేపు, ఫైటర్ తర్వాతి వంతు మొదలయ్యేదాకా ఆ మనిషి మీదకొచ్చే ప్రతి దాడికీ వర్తిస్తుంది. సెంటినెల్ లాంటి ఫీట్ కోసం నాలుగో లెవెల్ దాకా ఆగకుండా, మొదటి రోజు డాలు పట్టుకుని కూర్చున్న కొత్త ఆటగాడు ఇప్పుడు విజార్డ్ పక్కకి నడిచి నిలబడితే చాలు.