పాత రేడియోలో మురికి కూడా ఒక పార్టే

తిరుపతి పాత ఇళ్లలో రేడియో చాలాసార్లు దేవుడి గూటి పక్కనే ఉండేది. పొద్దున్నే సుప్రభాతం పూజ దగ్గరికి వినపడాలి కదా! అందుకే ఈ ఊళ్లో అటకమీదినుంచి దిగే వాల్వు సెట్లలో, అంటే గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచే పాత రేడియోల్లో, మామూలు దుమ్ముతో పాటు ఏళ్ల తరబడి పట్టిన సాంబ్రాణి పొగ, దీపం మసి, తిరగమోత నూనె ఆవిరి కూడా ఉంటాయి. వెనక అట్ట విప్పితే బల్లి గుడ్ల పెంకులు, ఎలుక పెంటికలు. చూడగానే తడిగుడ్డ తీసుకుని తుడిచేయాలనిపిస్తుంది. "తుడవకముందు బాగానే పాడేది అన్నా" అని మెకానిక్ దగ్గరికి వచ్చే సెట్లకు మూలం ఆ తొందరే.

కంటికి అసహ్యంగా కనిపించే ఈ మురికి, సర్క్యూట్ లెక్కలో ఒక రెసిస్టర్, అంటే కరెంటును అడ్డుకుంటూ కొంచెమే పోనిచ్చే భాగం. కంపెనీ డయాగ్రమ్‌లో లేని రెసిస్టర్. వాల్వు గుచ్చే శుభ్రమైన బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) సాకెట్‌లో రెండు పిన్నుల మధ్య నిరోధం వందల మెగా ఓమ్‌లు ఉంటుంది. జిడ్డు దుమ్ము పట్టి, దానికి తేమ తోడైతే అది కొన్ని మెగా ఓమ్‌లకు పడిపోవచ్చు. వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్‌కు, ఛాసిస్‌కు (అన్నీ బిగించిన ఇనప చట్రానికి) మధ్య అర మెగా ఓమ్ రెసిస్టర్ ఉందనుకోండి. ఆ గ్రిడ్‌కు, 250 వోల్టుల తీగకు మధ్య మురికి 5 మెగా ఓమ్‌ల దారి వేసిందంటే గ్రిడ్ మీద 20 వోల్టులకు పైగా పాజిటివ్ చేరుతుంది. అక్కడ ఉండాల్సింది కొద్దిపాటి నెగటివ్. ఇక వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది.

ఎలుక మూత్రంలో లవణాలుంటాయి. మనం వంటలో వాడే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే కరెంటు పారే ఉప్పునీరవుతుంది. మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లోనే కురుస్తాయి. వేసవిలో పాడిన సెట్టు కార్తీకంలో మొరాయించడం వెనక చాలాసార్లు ఉండేది ఈ రసాయనమే.

తుడవడానికి ముందు ఒక ప్రాణభయం సంగతి ఉంది. ప్లగ్గు పీకేశాక కూడా ఛార్జిని నిల్వచేసే ఫిల్టర్ కండెన్సర్లలో 300 వోల్టుల దాకా ఛార్జి మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి 'టప్' మనిపించడం పాత అలవాటే గానీ మంచి అలవాటు కాదు, కండెన్సర్ కూడా దెబ్బతింటుంది. 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌కు బాగా ఇన్సులేషన్ ఉన్న వైర్లు వేసి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, కండెన్సర్ రెండు కొసలకూ ఆనించండి. 32 మైక్రోఫారడ్ కండెన్సర్ రెండు సెకన్లలోపే ఖాళీ అవుతుంది. మీటర్‌తో చూసి, కాసేపాగి మళ్లీ చూడండి. లోపలి పొరల్లో దాగిన ఛార్జి కొంత తిరిగి పైకి తేలుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ-డీసీ సెట్లయితే ఇంకా టెన్షన్. వాటిలో ఛాసిస్‌కు మెయిన్స్ తీగ ఒకటి నేరుగా తగిలి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు అటుదిటు పెడితే ఛాసిస్ మొత్తం 230 వోల్టులు. నాబ్ ఊడిపోయిన ఇనప కడ్డీని పట్టుకున్నా షాకే.

ఎలుక పెంటికలను పొడిగా ఊడ్చకండి. లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు ఎలుకల మూత్రంతో వస్తాయి. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, కాస్త డెటాల్ నీళ్లు చిలకరించి, తడి కాగితంతో ఎత్తేయండి. వాల్వుల పక్కన వేడి తగలకుండా బూడిద రంగు అట్ట ఉంటే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, ఊదొద్దు, ఉన్నచోటే ఉండనివ్వండి. మిలిటరీ స్క్రాపులో దొరికే మీటర్ల ముళ్లకు గోధుమరంగు తిరిగిన పాత మెరుపు రంగుంటే అది రేడియం కావచ్చు. మెరుపు చచ్చిపోయినా రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. ఆ గ్లాసు విప్పకండి.

మిగతా దుమ్ముకు మెత్తని పెయింటు బ్రష్షు చాలు. జిడ్డుకు మాత్రం ద్రావకం కావాలి. సాంబ్రాణి జిగురు నీళ్లకు లొంగదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇట్టే కరుగుతుంది. వాల్వు సాకెట్లు, స్విచ్చి కాంటాక్టులు దానితోనే, ఇయర్‌బడ్‌తో తుడవాలి. అదే ఆల్కహాల్ చెక్క పెట్టెకు తగిలిందో, లక్క పాలిష్ మొత్తం లేచి వస్తుంది. లక్క కరిగేది కూడా ఆల్కహాల్‌లోనే మరి. ఇంకో సంగతి, 12 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి నిప్పంటుకునే స్థాయికి చేరుతుంది. ధనుర్మాసం చలిలో కూడా మన గది అంతకంటే వెచ్చగానే ఉంటుంది కాబట్టి దీపం, అగరుబత్తి ఆర్పి, కిటికీ తెరిచి పని మొదలుపెట్టండి. పెట్రోలు, థిన్నర్ అసలు తేవద్దు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది డయల్ గ్లాసు. మద్రాసు, కొలంబో, ఢిల్లీ అని స్టేషన్ల పేర్లు ముద్రించి ఉండేది గ్లాసు లోపలి వైపు. అరవై ఏళ్ల ఆ రంగు గాజుకు పట్టీపట్టనట్టు ఉంటుంది. తడి దూది ఒక్కసారి తగిలితే మీటర్ బ్యాండు మొత్తం దూదిమీదికి వచ్చేస్తుంది. ముందువైపు తుడవండి, లోపలివైపు పొడి బ్రష్షు ఈకలా తగిలించి వదిలేయండి. వాల్వు గాజు మీది నంబర్లూ అంతే, వేలితో రుద్దితే పోతాయి. తర్వాత అది ఏ వాల్వో కనుక్కోవడం తలనొప్పి.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి, నాబును అటూ ఇటూ పదిహేను ఇరవై సార్లు తిప్పాలి. తుప్పు వదిలించే స్ప్రేలు వేరు, అవి నూనె పొర మిగిల్చి దుమ్మును మళ్లీ పిలుస్తాయి. స్టేషన్ మార్చే ట్యూనింగ్ గ్యాంగు రేకుల మధ్యలోకి ఇయర్‌బడ్ దూర్చకండి. ఒక్క రేకు వంగినా స్టేషన్లు జరిగిపోతాయి. గాలి ఊదితే చాలు.

నీళ్లు అసలే తగలకూడదా అంటే, అదీ కాదు. విద్యుత్ తరంగాలను తెరమీద చూపే ఆసిలోస్కోపులు చేసిన టెక్‌ట్రానిక్స్ కంపెనీ వాటిని సర్వీసులో నీళ్లతో కడిగి, ఆరబెట్టి ఇచ్చేది. నీళ్లకంటే నీళ్లలోని లవణాలు, ఆరకముందే కరెంటు పెట్టడం ఎక్కువ ప్రమాదం. 2021 నవంబరు వరదల్లాంటప్పుడు బురద నీటిలో మునిగిన ఆంప్లిఫయర్ బోర్డును అలాగే ఎండనిస్తే లవణాలు రాగిని తినేస్తాయి. వెంటనే మంచినీళ్లతో, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడగడమే మేలు. కానీ ట్రాన్స్‌ఫార్మర్, కాగితం స్పీకర్ కోన్, మైనం కాయిళ్లు ఉన్న వాల్వు రేడియోకు ఈ స్నానం పనికిరాదు. కడిగిన బోర్డును ఆరబెట్టాలంటే నీడలో, గాలి ఆడే చోట కొన్ని రోజులు వదిలేయండి.

అన్నీ అయ్యాక నేరుగా ప్లగ్గు పెట్టకుండా 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే రేడియోకు వెళ్లేలా, కలపండి. బల్బు ముందు వెలిగి మెల్లగా మందగిస్తే సరే. వెలుగు తగ్గకపోతే లోపల షార్టు ఉన్నట్టు. అప్పుడు ప్లగ్గు తీసేసి కండెన్సర్లు మార్చడానికి సిద్ధపడండి. ఆ జబ్బు బ్రష్షుకు లొంగేది కాదు.