నాలుగో స్థానం తెచ్చిన పేరు: అదితి అశోక్ కథ

బెజవాడలో గోల్ఫ్ గురించి మాట్లాడుకునేవాళ్ళు తక్కువ. కోర్సు ఎక్కడుందంటే విశాఖో హైదరాబాదో చూపిస్తారు. అయినా అదితి అశోక్ పేరెత్తితే, "ఒలింపిక్స్‌లో మెడల్ కొద్దిలో పోయిన అమ్మాయేగా" అంటారు. ఆమె గెలిచిన టోర్నీల పేర్లు మాత్రం అడక్కండి, ఎవరికీ తెలియవు.

అదితి 1998లో బెంగళూరులో పుట్టింది. ఇంట్లో గోల్ఫ్ ఆడేవాళ్ళెవరూ లేరు. టిఫిన్‌కని వెళ్ళే హోటల్ నుంచి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం కనిపించేది. అదేదో చూద్దామని వెళ్ళి ఐదేళ్ళ వయసులో ఆట మొదలుపెట్టింది. 2016లో ప్రొఫెషనల్ అయింది. ఆ ఏడాదే గురుగ్రామ్‌లో ఇండియన్ ఓపెన్ కొట్టి, లేడీస్ యూరోపియన్ టూర్‌లో (ఐరోపా మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు) టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. మనవైపు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరనే చెప్పాలి.

పట్టించుకునేలా చేసింది ఒలింపిక్స్. 1904 తర్వాత అందులో గోల్ఫ్ లేనే లేదు. 112 ఏళ్ళకు 2016లో రియోలో మళ్ళీ చేర్చారు. సరిగ్గా అప్పటికి అదితికి 18 ఏళ్ళు. నాన్నే క్యాడీ, అంటే బ్యాగు మోస్తూ వెంట ఉండే మనిషి. రెండో రౌండ్ అయ్యేసరికి మొదటి పది మందిలో ఉన్నా, చివరికి 41వ స్థానానికి జారింది.

అసలు కథ 2021 టోక్యోది. ఆ ఏడాదే ఆమెకు కొవిడ్ వచ్చి ఒంట్లో బలం తగ్గింది. బంతిని మునుపంత దూరం కొట్టలేకపోతోంది. ప్రపంచ ర్యాంకు 200. ఈసారి బ్యాగు మోసింది అమ్మ. దూరం కొట్టేవాళ్ళ పక్కన నిలబడి, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గరికొచ్చాక పటింగ్‌తో, అంటే బంతిని హోల్లోకి దొర్లించే షాట్లతో లెక్క సరిచేసుకుంటూ వచ్చింది. రౌండ్‌కు 67, 66, 68 షాట్లు, గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మేలు. మూడు రౌండ్లకు రెండో స్థానం!

2021 ఆగస్టు 7, శనివారం. తెల్లవారుజామునే టీవీలు పెట్టి, "బర్డీ అంటే ఏంట్రా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్న రోజది. ఆ హోల్‌కు పెట్టిన లెక్క (పార్) కంటే ఒక షాట్ తక్కువలో బంతి వేస్తే బర్డీ. ఆ పొద్దున చాలామందికి తెలిసిన గోల్ఫ్ అంతే, చూడటానికి అది చాలు. ఆఖర్లో వాన వచ్చి ఆట ఆగింది, టెన్షన్ ఇంకా పెరిగింది. చివరి హోల్‌లో బర్డీ పడితే స్కోరు సమమై పతకం కోసం ప్లేఆఫ్ (అదనపు ఆట). దూరం నుంచి కొట్టిన పట్ హోల్ పక్కనుంచి వెళ్ళిపోయింది. మొత్తం 269, అంటే పార్ కంటే 15 తక్కువ. 16 తక్కువతో ఉన్న జపాన్ అమ్మాయి ఇనామీకి రజతం, న్యూజిలాండ్ లిడియా కోకు కాంస్యం దక్కాయి. ఒక్క షాట్! ఆ సాయంత్రమే నీరజ్ చోప్రా బంగారం గెలిచాడు. అయినా పొద్దుటి బాధను జనం మరిచిపోలేదు. గెలిచి ఉంటే ఇంతగా మనమ్మాయి అనుకునేవాళ్ళమా అన్నది నా అనుమానం.

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కథ తిరగబడింది. చివరి రౌండ్‌కు ఏడు షాట్ల ఆధిక్యంతో దిగి, 77 కొట్టి, రజతంతో సరిపెట్టుకుంది. భారత మహిళా గోల్ఫ్‌కు అదే తొలి ఆసియా క్రీడల పతకం. అదే వారంలో మన విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ అక్కడే మూడు స్వర్ణాలు కొట్టింది. ఆడిన మూడింటికి మూడూ బంగారమే. కానీ ఆమె ఆడే కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగం అప్పటికి ఒలింపిక్స్‌లో లేదు. అందుకే తెలుగునాడు దాటితే సురేఖ పేరు తెలిసినవాళ్ళ కంటే అదితి పేరు తెలిసినవాళ్ళే ఎక్కువ ఉంటారేమో. ప్రతిభలో తేడా వల్ల కాదది. ఒకరి ఆటకు ఒలింపిక్స్ తలుపు తెరుచుకుంది, ఇంకొకరి ఆటకు తెరుచుకోలేదు.

2024 పారిస్‌లో అదితి 29వ స్థానం దగ్గర ఆగింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో సురేఖ ఆడే కాంపౌండ్‌లో మిక్స్‌డ్ టీమ్‌ను (ఆడ, మగ కలిసి ఆడేది) చేర్చారు. అప్పటికి అదితికి ముప్పై నిండుతాయి, గోల్ఫ్‌లో అదేం పెద్ద వయసు కాదు.