పాత స్పోర్ట్స్ కారుకు పెద్ద అలాయ్‌లు: అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పాత కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లకు కొదవలేదు. హోండా సిటీ వీటెక్, మొదటి తరం స్కోడా ఆక్టేవియా, ఫియట్ పాలియో, ఎక్కడో ఒకటి రెండు సీట్ల అసలు సిసలు స్పోర్ట్స్ కారు. ఇంజిను పని అయ్యాక అందరి చూపూ చక్రాల మీదకే పోతుంది. మనకు అలాయ్‌లు (అల్యూమినియం రిమ్ములు) విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించాలి. ఒకసారి టైరు ఎక్కించిన రిమ్మును ఎవరూ వెనక్కి తీసుకోరు. అందుకే డబ్బు కట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతులివి.

అపోహ: బోల్టు హోల్స్ కుదిరాయంటే చక్రం కుదిరినట్టే.

హోల్స్ విషయంలోనే చాలామంది బోల్తా పడతారు. పాత సిటీ, పాత బెలెనో, స్విఫ్ట్, మాజ్డా ఎంఎక్స్-5 అన్నీ 4×100, అంటే నాలుగు హోల్స్, వాటి మధ్యల గుండా గీసిన వలయం అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు. పాలియో మాత్రం 4×98. తేడా 2 మిల్లీమీటర్లే, అంటే ఒక్కో హోలు 1 మిల్లీమీటరు పక్కకు. చేత్తో తిప్పితే బోల్టు ఎక్కేస్తుంది, షాపులో బిగింపు మిషను గన్ను పెడితే బిగిసిపోతుంది కూడా. కానీ బోల్టు తల తన గూటిలో ఒక పక్కకే ఒరిగి కూర్చుంటుంది. నాలుగు రోజులు తిరిగేసరికి వదులవుతుంది.

ఆక్టేవియాలది ఇంకో తిరకాసు. మొదటి తరం ఆక్టేవియా 5×100, తర్వాత వచ్చిన లారా 5×112. 'స్కోడాకే వేసినవి' అని చెప్పి అమ్మే సెకండ్ హ్యాండ్ సెట్టు మీ స్కోడాకు ఎక్కకపోవచ్చు. అయిదు హోల్స్ రిమ్ములో ఎదురెదురు హోల్స్ ఉండవు కాబట్టి పక్కపక్క హోల్స్ మధ్య కొలవాలి, మధ్య నుంచి మధ్యకు. 58.8 మిల్లీమీటర్లు వస్తే 5×100, 65.8 వస్తే 5×112, 67.2 వస్తే 5×114.3. చివరి రెంటికీ తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. గుడ్డ టేపుతో కాదు, వెర్నియర్‌తో కొలవండి.

హోల్స్ కుదిరాక చూడాల్సినవి ఇంకా మూడున్నాయి: నట్టు కూర్చునే గూడు ఆకారం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు నడిమధ్య నుంచి, అది కారు హబ్బుకు, అంటే చక్రం బిగించే దిమ్మెకు ఆనే చోటు ఎంత దూరమో).

గూటి సంగతి ఎవరూ అడగరు, ప్రమాదమంతా అక్కడే. హోండా కంపెనీ నట్టు కింది భాగం గుండ్రంగా, బంతిలా ఉంటుంది. మార్కెట్లో దొరికే అలాయ్‌లలో దాదాపు అన్నిటికీ గూడు 60 డిగ్రీల కోను. బంతి నట్టును కోను గూటిలో బిగిస్తే సన్నని గీత మందాన మాత్రమే ఆనుతుంది. టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే పానా) 'టక్' మంటుంది, పట్టు మాత్రం ఉండదు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బోల్టులూ బంతి రకమే. టొయోటా అలాయ్ నట్లు వాషరుతో, పొడుగు మెడతో ఉంటాయి. కొత్త రిమ్ములతో పాటు వాటికి సరిపడే కోను నట్లు కొనండి. మర పిచ్ కూడా చూడాలి: హోండా, మాజ్డాలకు ఎం12×1.5 (మందం 12, మర చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు), మారుతి సుజుకికి ఎం12×1.25, స్కోడాకు ఎం14×1.5. హోండా నట్టును సుజుకి స్టడ్డుకు (హబ్బులోంచి బయటికొచ్చే మర కడ్డీకి) పెట్టి గన్ను కొడితే స్టడ్డు మర ఊడిపోతుంది.

మధ్య రంధ్రం హోండాకు 56.1, సుజుకి, మాజ్డా ఎంఎక్స్-5కు 54.1, స్కోడాకు 57.1, పాలియోకు 58.1 మిల్లీమీటర్లు. మార్కెట్ అలాయ్‌లు అన్ని కార్లకూ పనికిరావాలని 73.1 పెట్టి పోస్తారు. ఆ ఖాళీని రింగుతో పూడ్చాలి. రింగు బరువు మోయదు. బరువు మోసేది నట్లు బిగించినప్పుడు రిమ్ముకూ హబ్బుకూ మధ్య పుట్టే ఒరిపిడి. రింగు చేసేదల్లా బిగించేటప్పుడు చక్రాన్ని సరిగ్గా మధ్యన నిలబెట్టడం. అది లేకపోతే 80-100 వేగంలో స్టీరింగు వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. బ్యాలెన్సింగ్ మిషను మీద బాగున్న చక్రం కారు మీద వణికిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అపోహ: ఆఫ్‌సెట్ అనేది అందం కోసం, చక్రం ఎంత బయటికొస్తే అంత సోకు.

కొంచెం లెక్క చేద్దాం. 1989లో వచ్చిన మొదటి ఎంఎక్స్-5 మన దగ్గర అమ్మిన కారు కాదు. కానీ పాత తేలిక స్పోర్ట్స్ కారుకు అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కంపెనీ చక్రం 14×5.5 (రిమ్ము ఎత్తు, వెడల్పు అంగుళాల్లో), ఈటీ 45 (ఆఫ్‌సెట్ 45 మిల్లీమీటర్లు), టైరు 185/60 ఆర్14 (వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు). దానికి 15×7, ఈటీ 35 వేద్దామనుకున్నారు. వెడల్పు అంగుళంన్నర పెరిగింది, అందులో సగం 19 మిల్లీమీటర్లు ఒక్కో వైపుకు. ఈటీ 10 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 10 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికొచ్చింది, లోపలి అంచు 9 మిల్లీమీటర్లు షాక్ వైపు వెళ్లింది. అదే 15×6.5, ఈటీ 40 అయితే బయటికి 17.7, లోపలికి 7.7. రెండోదే ఎక్కువ కార్లకు సుఖం.

టైరు నేలను తాకే చోటు బయటికి జరిగిన కొద్దీ స్టీరింగు మీద గుంజుడు పెరుగుతుంది. బండి చక్రం జాడలు పడిన రోడ్డు మీద కారు ఆ జాడ వెంటే పోతుంది. బేరింగు మీద మెలిపెట్టే బలం ఎక్కువవుతుంది. పాత కారులో బేరింగూ, బాల్ జాయింటూ ముందే సగం అరిగి ఉంటాయని గుర్తుపెట్టుకోండి.

రిమ్ము మీద ఈటీ అంకె లేకపోతే ఇలా కొలవండి. రిమ్మును ముఖం కిందకు పెట్టి పడుకోబెట్టండి, కింద గోనెసంచి వేసి. వెనక అంచుల మీద ఒక ఇనుప పట్టీ అడ్డంగా పెట్టండి. పట్టీ కింది అంచు నుంచి హబ్బుకు ఆనే చోటు వరకు లోతు కొలవండి, 139 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 7 అంగుళాల రిమ్ము అంచులతో కలిపి దాదాపు 203 ఉంటుంది, సగం 101.5. 139లోంచి తీసేస్తే 37.5, అంటే ఈటీ 38. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది. అమ్మేవాడు ఫోనులో చెప్పే అంకె కన్నా ఈ పది నిమిషాలు నయం.

స్పేసరు (రిమ్ముకూ హబ్బుకూ మధ్య పెట్టే పలక) వేస్తే దాని మందం అంతా ఈటీలోంచి పోతుంది. రిమ్ము వెనక 5 మిల్లీమీటర్ల పలక దూర్చితే ఎం12×1.5 స్టడ్డు మీద మూడు చుట్లకు పైగా మర పోతుంది. నట్టు కనీసం ఎనిమిది పూర్తి చుట్లు ఎక్కాలి, ఎం12×1.25 అయితే పది. తక్కువ పడితే పొడుగు స్టడ్లు మార్చండి, లేదా స్పేసరు మానేయండి. మా ఓటు మానేయడానికే.

అపోహ: మడ్‌గార్డుకు తగలకపోతే ఎంత పెద్ద రిమ్మైనా వేయొచ్చు.

పెద్ద రిమ్ము అంటే పెద్ద చక్రం కాదు. టైరు బయటి ఎత్తు మారకూడదు, రిమ్ము పెరిగినంత మేర టైరు గోడ తగ్గాలి.

185/60 ఆర్14 బయటి ఎత్తు 578 మిల్లీమీటర్లు, గోడ 111. 195/50 ఆర్15 ఎత్తు 576, గోడ 97. 205/45 ఆర్16 ఎత్తు 591, గోడ 92. 205/40 ఆర్17 ఎత్తు 596, గోడ 82.

పదిహేను అంగుళాల దాకా ఎత్తు చెక్కుచెదరలేదు. పదిహేడుకు వెళ్తే మూడు శాతం పెరిగింది. స్పీడోమీటరులో 80 ఉన్నప్పుడు అసలు వేగం మునుపటి కన్నా రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ. అది పెద్ద లెక్కేం కాదు. గేర్లు మూడు శాతం బరువెక్కడమే లెక్క. సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఎక్కేటప్పుడు చిన్న ఇంజినుకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. సెకండులో లాగాల్సిన మలుపు దగ్గర ఫస్టు వెతుక్కోవాలి.

గోడ సంగతి ఇంకా ముఖ్యం. వానలయ్యాక ఘాటీలో తారు లేచిన అంచు, రైలు గేటు దగ్గర పట్టాల గాడి, ఊరి మొదట్లో రంగు వేయని స్పీడు బ్రేకరు. ఇవన్నీ ఒకే పని చేస్తాయి: టైరు గోడను రిమ్ముకూ రాయికీ మధ్య నలిపేస్తాయి. 111 మిల్లీమీటర్ల గోడ ఆ దెబ్బను మింగుతుంది. 82 మింగలేదు. రిమ్ము లోపలి అంచు చొట్ట పడుతుంది, లేదా టైరు గోడలో దారం తెగి గుడ్డులా ఉబ్బు పొడుస్తుంది. గుడ్డు పొడిచిన టైరుకు మందు లేదు, మార్చాల్సిందే. మన దారుల మీద తిరిగే కారుకు ఒక అంగుళం పెంచడం సబబు. రెండు పెంచితే ఓర్చుకోవాలి. మూడు పెంచితే అది ఫొటోల కారు.

అపోహ: పెద్ద రిమ్ము వేస్తే గ్రిప్పు పెరుగుతుంది.

గ్రిప్పు టైరు రబ్బరుది. పొట్టి గోడ వల్ల స్టీరింగు తిప్పగానే కారు స్పందిస్తుంది, అది నిజమే. దాన్నే జనం గ్రిప్పు అనుకుంటారు. మామూలు 195 టైరును వెడల్పు రిమ్ముకు సాగదీసి ఎక్కిస్తే గ్రిప్పు రాదు, గోడ కాపు పోతుంది. 195/50 ఆర్15కు తగిన రిమ్ము వెడల్పు 5.5 నుంచి 7 అంగుళాల వరకే. తక్కువ డబ్బుంటే రిమ్ములో మిగుల్చుకుని టైరులో పెట్టండి. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. తక్కువ అమ్ముడయ్యే సైజులు చిన్న ఊళ్ల షాపుల్లో ఏళ్ల తరబడి కూర్చుంటాయి.

లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కూడా చూడాలి. 185/60 ఆర్14లో మామూలుగా 82 ఉంటుంది, టైరుకు 475 కిలోలు. 195/50 ఆర్15లోనూ 82 దొరుకుతుంది కాబట్టి గాలి మునుపటిలానే పెట్టొచ్చు. 205/40 ఆర్17 ఎక్స్‌ఎల్ (ఎక్కువ గాలి పెట్టి ఎక్కువ బరువు మోసే రకం) టైరు మీద 84 కనిపించి మురిపిస్తుంది. ఆ 500 కిలోలు మోసేది ఎక్కువ గాలి పెట్టినప్పుడే. పాత గాలే పెట్టి తిరిగితే గోడ వేడెక్కుతుంది.

అపోహ: చక్రం మీద ఒక కిలో తగ్గితే కారు మీద పది కిలోలు తగ్గినట్టు.

ఎవరో మొదలుపెట్టారు, అందరూ పట్టుకున్నారు. వేగం పుంజుకునేటప్పుడు, తిరిగే బరువు సరిగ్గా టైరు బయటి అంచున ఉన్నా దాని ప్రభావం రెండింతలకు మించదు. రిమ్ము బరువు అంతకన్నా లోపలే ఉంటుంది, కాబట్టి ఇంకా తక్కువ. అలాగని బరువును తీసిపారేయకూడదు. బరువైన చక్రం గుంతలోంచి లేచి తిరిగి రోడ్డును పట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, పాత షాకులకు ఆ పని ఇంకా కష్టం. కొనేముందు రిమ్మును బాత్రూం త్రాసు మీద పెట్టండి, కంపెనీ రిమ్మునూ పెట్టండి. కిలో అటూ ఇటూ అయితే తీసుకోండి. మూడు కిలోలు ఎక్కువుంటే వదిలేయండి.

అపోహ: బెండయిన అలాయ్‌ను వేడి చేసి కొడితే కొత్తదే.

ఎక్కువ అలాయ్‌లు పోతపోసి, వేడి శుద్ధి చేసిన అల్యూమినియం. గ్యాసు మంట పెడితే ఆ శుద్ధి ఇచ్చిన గట్టిదనం ఆ చోట పోతుంది. మిషను మీద నెమ్మదిగా నొక్కి లోపలి అంచు వంపు సరిచేయడం వేరే సంగతి, చిన్న వంపుకు ఫర్వాలేదు. పగులు ఉంటే, అదీ స్పోకు దగ్గరైతే, వెల్డింగ్ మాటే వద్దు. సెకండ్ హ్యాండ్ సెట్టు కొంటుంటే టైరు విప్పించి లోపలి వైపు చూడండి. పెయింటు కొత్తగా మెరుస్తుంటే ఎందుకు వేశారో అడగండి. వెనక జేడబ్ల్యూఎల్ (జపాన్ అలాయ్ ప్రమాణం గుర్తు) ఒక్కటే ఉంటే అది తయారీదారు తనకు తాను ఇచ్చుకున్న సర్టిఫికెట్టు, పక్కన వీఐఏ గుర్తు కూడా ఉంటే బయటివాళ్లు పరీక్షించినట్టు.

అపోహ: రిమ్ము ఎక్కించి అలైన్‌మెంట్ చేయిస్తే పని అయిపోయినట్టే.

టైరు ఎక్కించక ముందే ఉత్త రిమ్మును కారుకు పెట్టి చూడాలి. హబ్బు మీద తుప్పు వైరు బ్రష్‌తో గీకండి, ఆ పొక్కుల మీద రిమ్ము తిన్నగా కూర్చోదు. బ్రేకు క్యాలిపరు (డిస్కును పట్టే భాగం) మీద ఉబ్బుగా ఉన్న చోట పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే ఉండ అతికించండి. రెండు నట్లు చేత్తో బిగించి చక్రాన్ని ఒక చుట్టు తిప్పి తీయండి. నలిగిన క్లే 3 మిల్లీమీటర్ల కన్నా పలచగా ఉంటే ఆ రిమ్ము వద్దు. టైరుతో పెట్టాక డిక్కీలో బియ్యం బస్తాలు వేసి, వెనక మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగు రెండు చివర్లకూ తిప్పి చూడండి. మడ్‌గార్డు లోపలి అంచుకు సుద్ద రాసి గతుకుల దారిలో తిప్పుకొస్తే ఎక్కడ రాసుకుంటోందో టైరే చెబుతుంది.

బిగింపు గన్నుతో కాదు, టార్క్ రెంచితో, ఎదురెదురుగా. హోండాకు 108 న్యూటన్ మీటర్లు, స్కోడాకు 120. 80-100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. కొత్త పెయింటు నలిగి కొద్దిగా వదులవుతుంది.

కాగితాల మాట: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. ఆంధ్ర నంబరు బండిని ఒడిశాలో 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడ నంబరు మార్పించాలి, అప్పుడు బండిని చూపించాలి. అందుకే కంపెనీ చక్రాలను అమ్మేయకండి. ఇన్సూరెన్సు వాళ్లకు కూడా ముందే చెప్పి పాలసీలో రాయించుకోండి.

ఇక స్టెప్నీ. అది పాత కంపెనీ రిమ్మే కాబట్టి దానికి దాని పాత నట్లే కావాలి. బంతి నట్ల కార్లలో కొత్త కోను నట్లు దానికి పనికిరావు. బోల్టులతో బిగించే కార్లలో స్పేసరు కోసం పొడుగు బోల్టులు వేయించి ఉంటే ఇంకా జాగ్రత్త. అవే బోల్టులతో స్టెప్నీ బిగిస్తే కొసలు లోపలికి పొడుచుకెళ్లి బ్రేకు షూలకు తగులుతాయి. పాత నట్లో బోల్టులో ఒక చక్రానికి సరిపడా గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీ కిందే పెట్టండి. కొత్త నట్లకు పలచ గోడ సాకెట్టు కావాల్సి వస్తే అదీ ఆ సంచిలోనే వేయండి. కారులో వచ్చిన పానా ఆ సన్నని సందులో పట్టదు.